గుడ్డ కప్పిన పాత విమానం: కొనేటప్పుడు ఏం చూడాలి, అమ్మేటప్పుడు ఏం చూపించాలి

మీరు అడిగింది రెండు సంగతులు. అమెరికాలో తక్కువ డబ్బుతో రెండు సీట్ల పాత ఫ్యాబ్రిక్ విమానం కొనాలి. నాలుగైదేళ్లు నడిపి అమ్మితే పెట్టిన డబ్బు చాలావరకు వెనక్కి రావాలి. మీ దృష్టిలో 1946 నాటి ఏరోంకా చాంప్ ఒకటి, టేలర్‌క్రాఫ్ట్ ఒకటి ఉన్నాయి. ఇంజిన్ ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) అయ్యాక ఎన్ని గంటలు తిరిగిందో చూసి రెండింటినీ పోలుస్తున్నారు.

ఆ వరస మార్చండి. ఈ తరగతి విమానం ధరను నిలబెట్టినా, ముంచినా గుడ్డే. దాని తర్వాత గుడ్డ కింద ఉన్న ఉక్కు గొట్టాలు, చెక్క స్పార్లు (రెక్క పొడవునా పోయే దూలాలు). ఆ తర్వాత కాగితాలు. ఇంజిన్‌ది నాలుగో స్థానం. వీటిలో ఎక్కువగా ఉండే కాంటినెంటల్ ఏ-65 నాలుగు సిలిండర్ల చిన్న ఇంజిన్. ఒక సిలిండర్ పోతే ఆ ఒక్కటే విప్పి బాగుచేయించవచ్చు, మొత్తం దింపి షాపుకు పంపినా ఖర్చు ముందే అంచనా కట్టొచ్చు. గుడ్డ మార్చడం అలాంటి పని కాదు. రెక్కలు, తోక విప్పి, పాతది చించాక లోపల ఏం బయటపడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. వందల గంటల చేతిపని. కవరింగ్ (కొత్త గుడ్డ కప్పడం), ఇంజిన్ రెండూ చేయించాల్సిన విమానం ఎంత చౌకగా దొరికినా, చివరికి అదే మోడల్‌లో బాగున్నది కొన్నదానికంటే ఎక్కువే అవుతుంది. అందుకే మొదటిసారి కొనేవాళ్లు విప్పదీసి పెట్టిన ప్రాజెక్టుల జోలికి అసలు వెళ్లకూడదు.

మోడల్ గురించి కొద్దిగా. పైపర్ జే-3 కబ్, చాంప్ 7ఏసీ, టేలర్‌క్రాఫ్ట్ బీసీ-12డీ మూడూ ఎక్కువగా 65 హార్స్‌పవర్‌తోనే వచ్చాయి. అదే స్థితిలో ఉన్న కబ్‌కు మిగతా రెండింటికంటే ఎక్కువ పలుకుతుంది, అది ఆ పేరుకు ఉన్న గిరాకీ. కబ్‌లో ఒంటరిగా ఎగరాలంటే వెనక సీట్లో కూర్చోవాలి. చాంప్‌లో ముందు సీటే, చూపు చాలా మెరుగు. టేలర్‌క్రాఫ్ట్‌లో ఇద్దరూ పక్కపక్కన ఇరుకుగా కూర్చుంటారు గానీ అదే ఇంజిన్‌తో వేగం ఎక్కువ. నాలుగు సీట్లు, ముక్కు చక్రం కావాలంటే పైపర్ ట్రై-పేసర్ ఉంది. ఇన్నాళ్లూ స్పోర్ట్ పైలట్లకు (చిన్న విమానాలకే పరిమితమైన లైసెన్సు ఉన్నవాళ్లకు) 1,320 పౌండ్ల పరిమితి ఉండటంతో చాంప్ లాంటి తేలిక విమానాలకు ప్రత్యేకమైన గిరాకీ ఉండేది. 2025 అక్టోబర్ 22 నుంచి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ కొత్త నియమం ప్రకారం బరువు పరిమితి పోయి, రెక్కల ఫ్లాప్స్ దించకుండా స్టాల్ వేగం (అంతకంటే తగ్గితే రెక్క విమానాన్ని నిలబెట్టలేని వేగం) 59 నాట్లు మించకూడదన్నది కొలత అయింది. కాబట్టి "స్పోర్ట్ పైలట్‌కు పనికొస్తుంది" అన్న ఒక్క మాటకు అదనంగా డబ్బు పెట్టకండి.

ఇక గుడ్డ. మొదట విమానం మరమ్మతులు రాసే లాగ్‌బుక్‌లో కవరింగ్ ఎంట్రీ వెతకండి. ఏ సంవత్సరం, ఏ గుడ్డ, ఏ ప్రాసెస్, మూడూ ఉండాలి. అప్పట్లో వాడింది నూలు గుడ్డ, దాన్ని బిగించే డోప్ అనే పూత. ఎండకు, బూజుకు అది త్వరగా బలహీనపడుతుంది. ఇప్పుడు ఎగిరేవాటిలో దాదాపు అన్నీ పాలియెస్టర్‌వే: సికొనైట్, పాలీ-ఫైబర్, స్టూవర్ట్, సూపర్‌ఫ్లైట్ లాంటివి. వీటిలో ప్రతి ఒక్కటీ ఎఫ్ఏఏ ఆమోదించిన ఒక పూర్తి పద్ధతి. గుడ్డ నుంచి జిగురు, వెండిపూత, పైరంగు దాకా ఒకే మాన్యువల్ ప్రకారం పోవాలి. ఒక కంపెనీ జిగురుకు మరొకరి పూత కలిపితే ఎంత అందంగా ఉన్నా ఆమోదం లేని పనే. నూలు నుంచి పాలియెస్టర్‌కు మారినప్పుడు పెద్ద మార్పులను ఎఫ్ఏఏకు తెలిపే ఫారం 337 కూడా దాఖలై ఉండాలి. అది లేకపోతే ఈరోజు మీ మెకానిక్ అడుగుతాడు, రేపు మీ దగ్గర కొనేవాళ్ల మెకానిక్ అడుగుతాడు.

గుడ్డ వయసును సంవత్సరాల్లో మాత్రమే లెక్కపెట్టకండి. 2000లో వేసి ఇరవై ఐదేళ్లు హ్యాంగర్‌లో ఉన్న గుడ్డ, 2015లో వేసి బయట ఎండలో కట్టేసి ఉంచినదానికంటే బాగుండొచ్చు. పాలియెస్టర్‌కు శత్రువు అతినీలలోహిత కిరణాలు. చాలా పద్ధతుల్లో వాటిని ఆపేది పైరంగు కాదు, దాని కింద ఉన్న అల్యూమినియం పొడి కలిపిన వెండిపూత. రంగు నున్నగా రావాలని వెండిపూతను ఎక్కువగా ఇసుక కాగితంతో రుద్దితే, రిబ్‌ల (రెక్కకు ఆకారమిచ్చే పక్కటెముకల) అంచుల మీదా టేపుల అంచుల మీదా పూత పలచబడిపోతుంది. దాన్ని పట్టుకోవడం తేలిక. హ్యాంగర్ తలుపులు మూసి, ఇన్‌స్పెక్షన్ మూత తీసి, వేడెక్కని ఎల్ఈడీ లైటు రెక్కలోపల పెట్టండి. పైనుంచి చూస్తే చీకటిగా ఉండాలి. రిబ్‌ల వెంబడి సన్నటి వెలుతురు గీతలు కనబడితే ఆ గీతల వెంబడి గుడ్డ ఎండకు కాలుతూ ఉందన్నమాట. వేలం ఫొటోల్లో మెరిసిపోయే రెక్కలు ఈ పరీక్షలో చాలాసార్లు ఓడిపోతాయి.

బలం కొలవడానికి మౌల్ టెస్టర్ అనే స్ప్రింగ్ పరికరం ఉంది. గుడ్డమీద నిలువుగా నొక్కితే అంగుళానికి ఎన్ని పౌండ్లు ఓర్చుకుందో చెబుతుంది. కనీస బలం విమానాన్ని బట్టి మారుతుంది. రెక్క మీద చదరపు అడుగుకు 9 పౌండ్లు మించని భారం, గంటకు 160 మైళ్లు మించని గరిష్ఠ వేగం ఉన్నవాటికి (చాంప్, కబ్, టేలర్‌క్రాఫ్ట్ ఈ కోవలోవే) 65 పౌండ్ల గుడ్డ అవసరం, అది 46 కంటే తగ్గితే మార్చాలి. ఆ హద్దులు దాటినవాటికి 80 పౌండ్ల గుడ్డ, కనీసం 56. ట్రై-పేసర్ ఈ రెండో కోవలో పడుతుంది. కొత్త పాలియెస్టర్ బలం వంద పౌండ్లు దాటే ఉంటుంది. కాబట్టి 60 చూపించిన పాలియెస్టర్ చట్టప్రకారం ఎగరవచ్చు గానీ దాదాపు సగం బలం ఎప్పుడో పోయిందని అర్థం చేసుకుని ధర మాట్లాడండి. పరీక్ష ఎప్పుడూ పైభాగంలో, అందులోనూ ముదురు రంగు ఉన్నచోట చేయాలి. ముదురు రంగు ఎక్కువ వేడెక్కుతుంది, కింద గుడ్డ ముందు చచ్చేదీ అక్కడే. రెక్క అడుగున పరీక్షించి "బ్రహ్మాండంగా ఉంది" అని రాసిన కాగితానికి విలువ లేదు. టెస్టర్ గుర్తులు వదులుతుంది, గుడ్డ ఓడిపోతే చిల్లూ పడుతుంది. అందుకని యజమాని అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

చేతితో చూసేవి కొన్ని ఉన్నాయి. రిబ్ వెంబడి అరచేతితో నెమ్మదిగా నొక్కుతూ పోండి. గుడ్డ రిబ్‌కు అంటిపెట్టుకుని ఉండాలి, ఎక్కడైనా విడిగా కదిలితే గుడ్డను పట్టి ఉంచే రిబ్ కుట్టు తెగింది. రెక్క పైభాగంలో గాలి గుడ్డను పైకి లాగుతుంది కాబట్టి అక్కడ తెగిన కుట్టు చిన్న విషయం కాదు. రెక్క ముందంచున టేపు కొసలు లేచాయా, అడుగున నీరు కారే రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయా చూడండి. పూతలో గుండ్రంగా, వలయాల్లా ఉన్న పగుళ్లు పూత గట్టిపడి పెళుసెక్కిందని చెబుతాయి. "రెజువనేటర్ కొడితే సరిపోతుంది" అంటారు. అది డోప్‌ను మెత్తబరుస్తుంది, అంతే. గుడ్డకు పోయిన బలం తిరిగి రాదు. పైగా డోప్ కాని పూతల మీద దానికి పనే లేదు.

పైరంగు ఏదో కూడా తెలుసుకోండి. కనబడని మూల ఎంఈకే అనే ద్రావకంలో తడిపిన గుడ్డతో రుద్దితే పాలీ-ఫైబర్ వారి పాలీ-టోన్ కరుగుతుంది, పాలీయూరథేన్ కరగదు. కరిగే రకానికి అతుకు వేయడం చాలా సులభం. గట్టి యూరథేన్ అయితే అతుకు చుట్టూ రుద్దుతూ కూర్చోవాలి. రిబ్ కుట్టు అవసరంలేని, ఏ భాగమూ విప్పనక్కర్లేని చిన్న అతుకులు పైలట్ యజమాని స్వయంగా వేసుకోవచ్చని నిబంధన ఉంది కనుక, ఈ తేడా మీ జేబుకే తగులుతుంది.

గుడ్డ కింద మొదటి అనుమానం తోక చివర. ఈ విమానాలు తోక కిందికి ఆనించి నిలబడతాయి, లోపలికి చేరిన నీరంతా వెనక్కే జారుతుంది. కింది లాంగరాన్లు (విమానం పొడవునా పోయే గొట్టాలు) టెయిల్‌పోస్ట్‌ను (తోక చివరి నిలువు గొట్టాన్ని) కలిసే చోట గుడ్డమీద గోధుమరంగు చార ఉందా, గొట్టం వెంబడి బొటనవేలితో రాస్తే ఇసుకలా గరుకుగా తగులుతోందా చూడండి. తగిలితే లోపల తుప్పు పొరలుగా లేచింది. ఆ తర్వాత లోపలికి దూర్చి చూసే బోరోస్కోప్‌తో చూడనిదే ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. ఇన్‌స్పెక్షన్ మూత తీయగానే ఎలుకల కంపు వస్తే మరింత జాగ్రత్త. ఎలుకల మూత్రం చాంప్ రెక్కలోని పల్చటి అల్యూమినియం రిబ్‌లను తినేస్తుంది. గూడు తీసేసినంత మాత్రాన ఆ తినడం ఆగదు.

చాంప్‌కు, టేలర్‌క్రాఫ్ట్‌కు చెక్క స్పార్లు. రెక్క కొస నేలకు తగిలినప్పుడు దెబ్బ అక్కడ ఆగదు, స్పార్‌లోకి పోతుంది. ముఖ్యంగా రెక్కను కిందనుంచి ఆపే స్ట్రట్ బిగించే చోట ఉన్న ప్లైవుడ్ బలపు ముక్క దాటాక, చెక్క ఈనెకు అడ్డంగా, వెంట్రుకంత సన్నటి గీత పడుతుంది. ఎదురుగా లైటు వేస్తే అది కనబడదు. స్పార్‌కు దాదాపు ఆనించి, పక్కనుంచి వాలుగా వెలుగు పడేలా పట్టుకోవాలి. రిబ్‌లు కొట్టిన మేకులు వదులై బయటికి వచ్చినా అనుమానించాలి. చాంప్ కుటుంబానికి ఈ పగుళ్ల మీదే 2000-25-02 అనే ఏడీ (ఎఫ్ఏఏ తప్పనిసరి భద్రతా ఆదేశం) ఉంది. ఏ పద్ధతిలో, ఏ తేదీన చూశారో లాగ్‌లో రాసి ఉండాలి. లాగ్ చదివేటప్పుడు "వింగ్‌టిప్ బో మార్చాం", "గేర్ లెగ్ మార్చాం", "ఐలరాన్ బాగుచేశాం" లాంటి ఎంట్రీల దగ్గర ఆగండి. అది గ్రౌండ్‌లూప్ (నేలమీద అదుపు తప్పి గిర్రున తిరగడం) జ్ఞాపకం. ఆ వెంటనే స్పార్ తనిఖీ ఎంట్రీ లేకపోతే ఆ తనిఖీ ఇప్పుడు మీరే చేయించాలి.

పైపర్లలో అసలు చిక్కు లిఫ్ట్ స్ట్రట్లు. పాత రకం స్ట్రట్లకు కొసలు మూసి ఉండవు, తేమ లోపలికి చేరి కిందికొస నుంచి తుప్పు పడుతుంది. 2015-08-04 ఏడీ ప్రకారం వాటిని 24 నెలలకోసారి పరీక్షించాలి. సీల్ చేసిన కొత్త స్ట్రట్లు వేస్తే ఆ మళ్లీమళ్లీ పరీక్ష తప్పుతుంది. టేలర్‌క్రాఫ్ట్‌కు ఇలాంటిదే 2007-16-14. సీల్డ్ స్ట్రట్లు ఉన్న విమానానికి కాస్త ఎక్కువ పెట్టడం నష్టం కాదు, అమ్మేటప్పుడు ఆ డబ్బు తిరిగొస్తుంది.

ఇంజిన్ సంగతి త్వరగా ముగిస్తాను. ఏ-65కు 2,300 ఆర్‌పీఎం దగ్గర 65 హార్స్‌పవర్, ఓవర్‌హాల్ గడువు 1,800 గంటలు, సంపులో పట్టే ఆయిల్ 4 క్వార్టులు. గంటలకంటే నిలకడగా ఎగురుతోందా లేదా అన్నది ముఖ్యం. ఏడాదికి ఐదు గంటలు తిరిగిన "తక్కువ గంటల" ఇంజిన్ కంటే, ఏటా యాభై గంటలు తిరిగి సగం గడువు దాటినదే మేలు. చిన్న కాంటినెంటల్స్‌లో వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్ కింద ఉంటుంది కాబట్టి కొంత నయం. ట్రై-పేసర్‌లోని లైకమింగ్ ఇంజిన్‌లో అది పైన ఉంటుంది, ఎగరకుండా కూర్చోబెడితే ఆయిలంతా జారి అది తుప్పు పడుతుంది. కంప్రెషన్ (సిలిండర్ గాలిని ఎంత పట్టి ఉంచుతోందో) ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు చూడాలి, గాలి ఎక్కడినుంచి కారుతోందో చెవి పెట్టి వినాలి. ఎగ్జాస్ట్ వాల్వ్ నుంచి బుసకొడితే సిలిండర్ పని దగ్గర్లోనే ఉంది. ఆయిల్ స్క్రీన్ మీ ఎదుటే విప్పించండి. అసలు తయారీలో 73 ఆక్టేన్ పెట్రోల్ కోసం చేసిన ఇంజిన్ ఇది, ఇప్పటి విమాన పెట్రోల్ 100ఎల్ఎల్‌లోని సీసం ప్లగ్గుల్లో పేరుకుంటుంది. కారు పెట్రోల్‌కు ఎస్‌టీసీ (ఎఫ్ఏఏ ఇచ్చే మార్పు ఆమోదం) ఉంటే మంచిదే, అయితే ఇథనాల్ కలవనిది దొరికితేనే దానికి విలువ.

బరువు లెక్క మాత్రం సంతకం పెట్టే ముందు చేయండి. చాంప్ 7ఏసీ గరిష్ఠ బరువు 1,220 పౌండ్లు. మళ్లీమళ్లీ రంగు వేసిన విమానం ఖాళీ బరువు 780 అనుకుందాం. మిగిలేది 440. 13 గ్యాలన్ల పెట్రోల్‌కు 78 తీస్తే 362 పౌండ్లు, అందులో ఇద్దరు మనుషులు, వాళ్ల సామాను. కాగితం మీద పాత ఖాళీ బరువు రాసి, ఆ తర్వాత కవరింగ్ జరిగి మళ్లీ తూచని విమానాలు ఉంటాయి. అలాంటిచోట తూయించమని అడగండి.

కరెంటు లేని విమానమని వెనకాడకండి. ఇంజిన్ నడిపే కరెంటు వ్యవస్థ లేకుండా సర్టిఫై అయి, తర్వాతా అది చేర్చని విమానాలకు పెద్ద విమానాశ్రయాల చుట్టూ ఉన్న 30 నాటికల్ మైళ్ల వలయంలో, రద్దీ విమానాశ్రయాల నియంత్రిత క్లాస్ బీ, సీ గగనతలానికి వెలుపల, ఏడీఎస్-బీ అవుట్ (విమానం తన స్థానాన్ని ప్రసారం చేసే పరికరం) నుంచి మినహాయింపు ఉంది. ప్రొపెల్లర్ చేత్తో తిప్పి స్టార్ట్ చేయాలి కదా అంటే, నేర్చుకోవాలి. తోక కట్టేసి, తెలిసినవాళ్లు లోపల బ్రేక్ మీద కూర్చోవాలి. ఈ రెండింట్లో ఏదీ వదిలేయకూడదు.

కాగితాల్లో మొదటిది మీ సంగతి. ఎఫ్ఏఏ దగ్గర వ్యక్తి పేరున విమానం రిజిస్టర్ కావాలంటే అమెరికా పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డు ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు తమ పేరున చేసుకోలేరు. ట్రస్టు ద్వారా పోవాలి, దానికి లాయర్ ఖర్చు ముందే కలుపుకోవాలి. తర్వాత ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ రిజిస్ట్రీలో టైటిల్ సెర్చ్ (యాజమాన్యం, అప్పుల వెతుకులాట) చేయించండి. ఎప్పుడో తీర్చేసిన బ్యాంకు అప్పుకు విడుదల పత్రం దాఖలు కాకపోవడం ఈ పాత విమానాల్లో తరచూ ఎదురయ్యే చిక్కు. బ్యాంకే మూతపడి ఉంటే ఆ పత్రం తేవడానికి నెలలు పడుతుంది. అది అమ్మేవాళ్ల బాధ్యత, డబ్బు చేతులు మారకముందే తేల్చాలి. అదే రిజిస్ట్రీ నుంచి ఆ విమానం పూర్తి రికార్డు కూడా తెప్పించుకుని, అందులోని 337లను లాగ్‌బుక్‌తో సరిపోల్చండి. లాగ్‌లో లేని ప్రమాదం అక్కడ బయటపడవచ్చు.

కొనేముందు చేసే ప్రీబై తనిఖీ మీరు ఎంచుకున్న మెకానిక్‌తో, అదీ గుడ్డ విమానాలు చేసే మెకానిక్‌తో చేయించండి. అమ్మేవాళ్ల మెకానిక్ ఎంత మంచివాడైనా అతడు తన పనిని తానే తనిఖీ చేసుకున్నట్టవుతుంది. మొదట దీన్ని "యాన్యువల్" (ఏటా తప్పనిసరి తనిఖీ) అని మొదలుపెట్టకూడదు. యాన్యువల్‌గా మొదలై లోపం బయటపడితే విమానం అక్కడే ఆగిపోతుంది, బేరం పాడైతే అది అమ్మేవాళ్ల నెత్తిన పడుతుంది. ముందు ప్రీబై, ఇరువైపులా సరే అనుకుంటే దాన్నే యాన్యువల్‌గా పూర్తిచేయడం పద్ధతి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఒక్క పేజీ ఒప్పందం చాలు. ఎగరడానికి అడ్డొచ్చే లోపాలు ఎవరి ఖర్చు, ఎంత దాటితే ఎవరు తప్పుకోవచ్చు, తప్పుకుంటే అడ్వాన్సు ఎవరిది అన్నవి మాత్రం అందులో ఉండాలి.

ఇన్సూరెన్స్ కోట్ బేరానికి ముందే తీసుకోండి. తోకచక్రం విమానానికి ఇన్‌స్ట్రక్టర్ ఎండార్స్‌మెంట్ (అనుమతి సంతకం) అవసరం, దాంతోపాటు కంపెనీ ఇన్ని గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగరాలని షరతు పెడుతుంది. ఆ గంటల ఖర్చు విమానం ధరలో భాగమే అనుకోండి.

అమ్మే పని కొన్న రోజునే మొదలవుతుంది. ప్రతి లాగ్ పేజీ స్కాన్ చేసి పెట్టుకోండి. పోయిన లాగ్‌బుక్కులు ధరను కోస్తాయి, వాటిని తిరిగి పుట్టించలేరు. గుడ్డ పరీక్ష అంకెలు ఎక్కడ, ఎప్పుడు తీశారో రాసి ఉంచండి. ఏడీల జాబితా ఒకే పేజీలో, ఏది పూర్తయింది, ఏది మళ్లీ ఎప్పుడు అన్నది తేదీతో ఉండాలి. ప్రకటనలో ఆకాశంలో సూర్యాస్తమయం ఫొటో కంటే స్ట్రట్ కిందికొస, తోక అడుగు, రెక్క లోపలి స్పార్ ఫొటోలు కొనేవాళ్లను త్వరగా రప్పిస్తాయి. పాత దెబ్బ ఉంటే మొదటి ఫోన్‌లోనే చెప్పండి. ఎలాగూ రికార్డులో దొరుకుతుంది, తనిఖీలో బయటపడితే వాళ్లు మిగతా విషయాలూ నమ్మరు.

అమ్మే ముందు కొత్త సీట్లు, కొత్త రేడియో, పైపైన రంగు వేయకండి. ఆ డబ్బు రాదు, పైగా గుడ్డ మీద మరో పొర రంగు అంటే ఖాళీ బరువు పెరగడమే. దాని బదులు యాన్యువల్ తాజాగా చేయించి, టైర్లు, బ్రేకులు, కబ్ అయితే గేర్ బంజీలు (చక్రాల కుదుపు ఆపే రబ్బరు తాళ్లు), చాంప్ అయితే కారుతున్న ఒలియో (ఆయిల్ షాక్ అబ్సార్బర్) సరిచేయించండి. పాత మెకానికల్ బ్రేకులు సరిగ్గా పట్టకపోవడం చూపించడానికి ఎగిరిన రోజే బేరాన్ని చెడగొడుతుంది.

డబ్బు ఎస్క్రో (మధ్యవర్తి ఖాతా) ద్వారా, సంతకం చేసిన బిల్ ఆఫ్ సేల్ కూడా అక్కడే ఉండేలా చూడండి. బిల్ ఆఫ్ సేల్ అంటే ఫారం 8050-2. అందులో పేరు రిజిస్ట్రేషన్‌లో ఉన్నది అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇద్దరి పేర ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి, ఎల్ఎల్‌సీ అయితే హోదా రాయాలి. చాలా ఫైళ్లు ఇక్కడే వెనక్కి వస్తాయి. కొనేవాళ్లు దాన్ని 8050-1 రిజిస్ట్రేషన్ దరఖాస్తుతో కలిపి రిజిస్ట్రీకి పంపుతారు. అమ్మినవాళ్లు పాత రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వెనక అమ్మకం వివరాలు నింపి, సంతకం చేసి, వాళ్లూ ఎఫ్ఏఏకు పంపాలి. అది అందే దాకా, ఎస్క్రో నుంచి డబ్బు ఖాతాలో పడే దాకా మీ ఇన్సూరెన్స్ రద్దు చేయకండి. కొన్నవాళ్లు ఇంటికి ఎగరేసుకుపోయే రోజు ఉదయం, వాళ్ల పాలసీ అమల్లోకి వచ్చిందని బ్రోకర్ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే లాగ్‌బుక్కులు చేతికివ్వండి.